రోడ్డు ప్రమాదంలో దైవం వాటా

రోడ్డు మీద మనిషి చనిపోయినప్పుడు అందుకు దైవం ఎంతవరకు కారణం, మనిషి ఎంతవరకు కారణం అన్నది మతమూ తత్త్వమూ కలిసి జవాబు చెప్పవలసిన ప్రశ్న. భారతదేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు నమోదయ్యాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. ఇన్ని చావులకూ ఇంటిల్లిపాది చెప్పుకునే కారణం తరచుగా ఒక్కటే: రాసిపెట్టి ఉంది, జరిగిపోయింది. రాత్రీ పగలూ హైవే మీదే బతికే లారీ డ్రైవర్ల నోట ఈ మాట మరీ ఎక్కువగా వినిపిస్తుంది. చావును అంత దగ్గరగా చూసేవాళ్లు దాన్ని విధికి అప్పగించడంలో వింత లేదు. అయితే ఆ మాట ఎవరు, ఎప్పుడు అంటున్నారన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అంటే అది ఓదార్పు. అరిగిన టైర్లతో బండిని పంపిన ఓనరు అంటే అది తప్పించుకోవడం. ఈ తేడాను మన శాస్త్రాలు ఎంతో కాలం కిందటే గుర్తించాయి.

లారీ చుట్టూ అల్లుకున్న భక్తి

తెలుగు రాష్ట్రాల్లో కొత్త లారీ పూజ కాకుండా రోడ్డెక్కదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, గుమ్మడికాయ కొడతారు, ముందు బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కడతారు, పసుపు కుంకుమలు అద్దుతారు. దసరాకు జరిగే ఆయుధపూజలో స్పానర్లకూ జాకీకీ కూడా బొట్టు పెడతారు. తుని దగ్గరి లోవలో తలుపులమ్మ తల్లి సన్నిధికి గోదావరి జిల్లాల నుంచీ విశాఖ వైపు నుంచీ బండ్లు తీసుకొస్తారు. ఆమె పేరు రాసుకున్న లారీలు ఆ దారుల్లో కోకొల్లలు. అన్నవరం కొండ కింద తొలిపావంచా దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని కదిలే డ్రైవర్లున్నారు. తెలంగాణలో కొండగట్టు అంజన్న దగ్గర వాహన పూజలకు పెద్ద పేరు. ఘాట్ మొదట్లో కనిపించే అమ్మవారి గుడి దగ్గర ఒక రూపాయి వెయ్యనిదే ముందుకు సాగనివాళ్లు ఎందరో. ముస్లిం డ్రైవరు అద్దం మీద 786 అని రాసుకుంటాడు, క్రైస్తవ డ్రైవరు శిలువ వేలాడదీస్తాడు. ముగ్గురి మనసులో ఉన్న కోరిక ఒకటే: వెళ్లినవాడు తిరిగి ఇంటికి చేరాలి.

ఈ ఆచారాలను మూఢత్వమని తోసెయ్యడం సరికాదు. పూజ రోజున బండిని కడుగుతారు, ప్రతి భాగాన్నీ తాకి చూస్తారు. పనిముట్టుకు బొట్టు పెట్టడమంటే దాని మీద తన ప్రాణం ఆధారపడి ఉందని ఒప్పుకోవడం. ఘాట్ ముందు ఆగి దణ్ణం పెట్టుకోవడమంటే ఇక్కడి నుంచి దారి మారుతోంది, మనసు దగ్గర పెట్టుకోవాలని తనకు తాను చెప్పుకోవడం. పూజలో ఉన్న ఈ ఎరుక బండి నడిపేటప్పుడూ ఉంటే భక్తికీ భద్రతకూ మధ్య గొడవే లేదు. చేయవలసిన పని మానేసి, దాని స్థానంలో పూజను నిలబెట్టినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సామర్థ్యానికి మించి జనం అందులో ఉన్నారు. అంజన్న మీద నమ్మకం లేక జరిగిన దుర్ఘటన కాదది. దేవుడి కొండ మీద కూడా బరువు, వాలు, బ్రేకు తమ ధర్మాన్ని తాము పాటిస్తాయి.

ఇతర మతాలు కూడా ఈ సంగతిని స్పష్టంగానే చెప్పాయి. ఒంటెను కట్టి దేవుణ్ణి నమ్మాలా, కట్టకుండా వదిలి నమ్మాలా అని ఒక ఎడారివాసి అడిగితే, ముందు కట్టు, తర్వాత నమ్ము అన్న అర్థం వచ్చేలా మహమ్మద్ ప్రవక్త జవాబిచ్చినట్టు తిర్మిజీ హదీసు సంకలనంలో ఉంది. మత్తయి సువార్త నాలుగో అధ్యాయంలో సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దేవదూతలు పట్టుకుంటారు అని ప్రేరేపిస్తాడు. యేసు దూకడు. కావాలని అపాయంలోకి దిగి దేవుడు కాపాడతాడని చూడటం విశ్వాసం కాదని, దేవుణ్ణి పరీక్షించడమని ఆ ఘట్టం సారాంశం. బ్రేకులు సరిగా పట్టడం లేదని తెలిసీ దేవుడి పేరు చెప్పుకుని ఘాట్ దిగే డ్రైవరు చేస్తున్నది ఆ పరీక్షే.

దైవం, పురుషకారం

భారతీయ చింతనలో ఈ చర్చకు దైవ పురుషకార వివాదమని పేరు. పురుషకారమంటే మనిషి ప్రయత్నం. యాజ్ఞవల్క్య స్మృతి రాజధర్మాల్లో రథాన్ని దృష్టాంతంగా తీసుకుంది: ఒంటి చక్రంతో రథం ఎలా నడవదో, మనిషి ప్రయత్నం లేకుండా దైవం అలాగే ఫలించదు. మహాభారతం అనుశాసన పర్వంలో ఇదే ప్రశ్నను యుధిష్ఠిరుడు అడిగితే, బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన మాటలను భీష్ముడు వినిపిస్తాడు. దైవం విత్తనం, ప్రయత్నం పొలం. పొలం లేని విత్తనం మొలకెత్తదు. యోగవాసిష్ఠం ఇంకా ముందుకు వెళ్లింది. దైవమనే వేరే శక్తి ఏదీ లేదనీ, వెనకటి ప్రయత్నాల ఫలానికే జనం ఆ పేరు పెట్టారనీ వసిష్ఠుడు రాముడికి బోధిస్తాడు. నిన్నటి తప్పు ఇవాళ దైవంగా ఎదురైతే, ఇవాళ్టి మంచి ప్రయత్నంతో దాన్ని గెలవవచ్చని ఆ గ్రంథం ధైర్యం చెబుతుంది.

కర్మ సిద్ధాంతమంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమన్న అభిప్రాయం ఈ మూడు గ్రంథాల ముందూ నిలవదు. కర్మ అంటేనే చేసిన పని. పోయిన నెల మార్చకుండా వదిలేసిన బ్రేకు లైనింగు ఈ నెల ఘాట్‌లో చూపించే ఫలం కూడా కర్మఫలమే. దాన్ని పూర్వజన్మ దాకా మోసుకెళ్లవలసిన పని లేదు.

గీత చెప్పిన 5 కారణాలు

ప్రమాదాన్ని విచారించడానికి పనికొచ్చే చక్కటి చట్రం భగవద్గీత 18వ అధ్యాయంలో ఉంది. ఏ పని జరగాలన్నా 5 కారణాలు కూడాలని 14వ శ్లోకం చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, వివిధమైన చేష్టలు, అయిదోది దైవం. తర్వాతి శ్లోకాల్లో, వీటన్నిటినీ వదిలి ఒక్కడినే కర్తగా చూసేవాడికి సరైన చూపు లేదని కృష్ణుడు అంటాడు. శంకరుల భాష్యంలో అధిష్ఠానం శరీరం, కరణాలు ఇంద్రియాలు, దైవం ఇంద్రియాల అధిదేవతలు. రామానుజులు దైవమంటే అంతర్యామి అయిన పరమాత్మ అన్నారు. వ్యాఖ్యానాలు వేరైనా విచారణ పద్ధతి ఒకటే. దాన్ని హైవేకు అన్వయిస్తే ఒక్కో కారణమూ విడిగా కనిపిస్తుంది.

అధిష్ఠానం అంటే ఇక్కడ రోడ్డు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం, జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల దూరంలో 3 ఏళ్లలో మరణమో తీవ్ర గాయమో మిగిల్చిన ప్రమాదాలు 5 జరిగినా, మొత్తం 10 మంది చనిపోయినా ఆ చోటును బ్లాక్‌స్పాట్ అంటారు. ఒకే మలుపులో, ఒకే డివైడర్ కట్ దగ్గర మనుషులు మళ్లీ మళ్లీ చనిపోతుంటే ఆ చోటుకు శాపం ఉందనడం ఊళ్లలో అలవాటు. ఆ శాపానికి రోడ్డు వంపు, వెలుతురు లేకపోవడం, సర్వీసు రోడ్డు లేక ఊరి జనం హైవేనే దాటవలసి రావడం వంటి పేర్లుంటాయి. వాటిని సరిచేస్తే శాపం తీరుతుంది.

కర్త డ్రైవరు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ సెకనుకు 22 మీటర్లు కదులుతుంది. 2 సెకన్ల కునుకు పడితే 44 మీటర్ల దారిని ఎవరూ నడపడం లేదన్నమాట. తెల్లవారుజామున శరీరం నిద్రను గట్టిగా కోరుతుంది. టీ తాగినా, పాటలు పెట్టినా ఆ కోరిక తీరదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనినే సాధారణ పరిమితిగా పెట్టింది. యూరోపియన్ యూనియన్‌లో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు రాత్రివేళ లారీలు ఆపి, డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపే కార్యక్రమం నడిపారు. మంచి పనే, కానీ నీళ్లు మగతను కాసేపు వాయిదా వేస్తాయి తప్ప నిద్ర బాకీని తీర్చవు. బాకీ తీరాలంటే పడుకోవాలి. పడుకోవడానికి చోటూ, పడుకుంటే ఆలస్యానికి కిరాయి కోయని ఓనరూ ఉండాలి.

కరణం అంటే పనిముట్టు, అంటే బండి. రవాణా వాహనానికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరగాలి. ఆ కాగితం పరీక్ష రోజు సంగతే చెబుతుంది. మిగతా రోజుల సంగతి టైర్లు, బ్రేకులు, వెనక లైట్లు చెప్పాలి. బండి వెనక రేడియం టేపు చిరిగిపోయి, లైటు వెలగక, చీకట్లో రోడ్డు పక్కన ఆగిన లారీని వెనక నుంచి కారు ఢీకొనడం మన హైవేల మీద పదే పదే జరిగే దుర్ఘటన. చెడిపోయిన లారీ వెనక హెచ్చరికగా రాళ్లూ చెట్టు కొమ్మలూ పెట్టడం, బండి బాగయ్యాక వాటిని అక్కడే వదిలేసి వెళ్లడం మరో కారణం. తర్వాత వచ్చే మోటారు సైకిలుకు ఆ రాయే మృత్యువు. డ్రైవరు కూర్చునే క్యాబిన్ కూడా కరణంలో భాగమే. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. మే నెల ఎండలో ఇంజను వేడి మీద కూర్చుని నడిపే మనిషి అలసట ఇన్నాళ్లకు భద్రత లెక్కలోకి వచ్చింది.

చేష్టలంటే చేసే పనులు: వేగం, ఓవర్‌టేకింగ్, లోడు ఎక్కించే తీరు. వేగం రెట్టింపయితే బండిలోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. బరువు పెరిగితే అదే నిష్పత్తిలో ఆ శక్తీ పెరుగుతుంది. ఆపవలసిన బ్రేకులు మాత్రం అవే. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో గేరు న్యూట్రల్‌లో పెట్టి దిగేవాళ్లున్నారు. అప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచదు. భారమంతా బ్రేకుల మీద పడి, అవి కాలి, పట్టు తప్పుతాయి. శ్రీశైలం ఘాట్‌లోనైనా మారేడుమిల్లి ఘాట్‌లోనైనా ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే.

ఈ నాలుగూ చూశాక మిగిలేది దైవం. రోడ్డు బాగుండి, డ్రైవరు నిద్ర తీరి ఉండి, బండి మంచి స్థితిలో ఉండి, వేగం హద్దులో ఉండి కూడా ఒక్కోసారి ప్రమాదం జరుగుతుంది. కొండ మీది నుంచి బండరాయి దొర్లుతుంది, ఎప్పుడూ జబ్బెరుగని మనిషికి స్టీరింగు దగ్గరే గుండె ఆగుతుంది. అలాంటి చోట దైవమన్న మాటకు నిజమైన అర్థం ఉంది. గీత దైవాన్ని లేదనలేదు, అయిదో స్థానంలో నిలిపింది. మొదటి నాలుగింటినీ చూడకుండా నేరుగా అయిదోదానికి వెళ్లిపోయే విచారణ శాస్త్రసమ్మతం కాదు.

బాధ్యత ఎవరెవరిది

డ్రైవరు ఒక్కడినే దోషిని చేసే అలవాటునూ ఈ దృష్టి సరిదిద్దుతుంది. ప్రాచీన ధర్మశాస్త్రాలు బాధ్యతను పంచిన తీరు ఆశ్చర్యం కలిగించేంత సూక్ష్మంగా ఉంది. మనుస్మృతి 8వ అధ్యాయంలో బండి వల్ల నష్టం జరిగితే దండన ఉండని సందర్భాలను జాబితాగా ఇచ్చారు: ఎద్దు ముక్కుతాడు తెగడం, కాడి విరగడం, ఇరుసు లేదా చక్రం విరగడం, పగ్గాలు తెగడం, తప్పుకోండని తోలేవాడు కేక వేసినా వినకపోవడం వంటివి. ఆ తర్వాతి నియమం ఇంకా ముఖ్యమైనది. తోలేవాడి చేతకానితనం వల్ల బండి దారి తప్పి హాని జరిగితే యజమానికి 200 పణాల దండన. నేర్పరి అయ్యుండి అజాగ్రత్తగా తోలితే దండన తోలేవాడికి. నేర్పు లేనివాడని తెలిసీ ఎక్కినవారికి తలా 100 పణాలు. కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో, బండి తోలుతున్నది బాలుడైతే అందులో ఉన్న యజమానిని దండించాలనీ, పిల్లవాడి చేతిలో ఉన్న బండిని రాజు స్వాధీనం చేసుకోవాలనీ ఉంది.

ఆధునిక చట్టమూ ఈ దారిలోనే నడుస్తోంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానా, హద్దు దాటిన ప్రతి టన్నుకూ మరో 2,000 రూపాయలు. నడిపినవాడితో పాటు నడిపించినవాడికీ అది వర్తిస్తుంది. డ్రైవరు వేరు, ఓనరు వేరు అయినప్పుడు, ఓనరుకు తెలిసే అధిక బరువు ఎక్కిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షన్ చెబుతోంది. కాటా మీద తూకం చూసి కూడా ఇంకో 4 టన్నులు వెయ్యమన్న వ్యాపారి, రేపు పొద్దున్నే సరుకు దిగాలని ఒత్తిడి చేసిన బుకింగ్ ఆఫీసు, ట్రిప్పుల లెక్కన తప్ప జీతమివ్వని ఓనరు, ఇంత తక్కువ కిరాయికి ఇంత త్వరగా సరుకు రావాలని కోరుకునే సమాజం: వీరందరి చేతులూ ఆ స్టీరింగు మీద ఉన్నాయి. 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన విజన్ జీరో విధానం ఈ నీతినే ఆధారం చేసుకుంది. మనిషి పొరపాటు చెయ్యక మానడు, ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకుండా రోడ్డునూ బండినీ నియమాలనూ తీర్చిదిద్దడం వ్యవస్థ బాధ్యత అన్నది ఆ విధానం సారం.

తెలిసిన అపాయం దైవం కాదు

ఊహకు అందనిదానినే దైవం ఖాతాలో వెయ్యగలం. అందుకే ప్రతి హెచ్చరికా దైవం సరిహద్దును కాస్త వెనక్కి జరుపుతుంది. 2023 జులై చివర మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ రహదారి మీదికి వరద చేరింది, రాకపోకలు ఆగిపోయాయి. పూర్వం అలాంటి వరద డ్రైవరుకు ఎదురుపడేదాకా తెలిసేది కాదు. ఇప్పుడు వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. రహదారుల సంస్థ 1033 నంబరు నడుపుతోంది. లారీ యూనియన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ వంతెన దెబ్బతింది, ఎక్కడ పొగమంచు కమ్మింది, ఎక్కడ బండి అడ్డంగా పడింది అన్న వాయిస్ మెసేజీలు క్షణాల్లో తిరుగుతాయి. ఎదురొచ్చే లారీకి లైటు కొట్టి ముందున్న అపాయాన్ని తెలిపే పాత అలవాటుకు ఇది కొనసాగింపు.

దీని నుంచి రెండు ధర్మాలు పుడతాయి. మొదటిది తెలుసుకునే ధర్మం. తెలుసుకోగల అవకాశం ఉండీ తెలుసుకోనివాడికి తెలియదన్న సాకు చెల్లదు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం మూడో భాగంలో ఈ వాదమే చేశాడు: మద్యం మత్తులో చేసినదానికి తెలియక చేశానంటే కుదరదు, ఎందుకంటే ఆ తెలియనితనానికి కారణం అతడే. నిద్రమత్తుకూ ఇదే వర్తిస్తుంది. కునుకు పడిన క్షణంలో డ్రైవరుకు తెలివి లేకపోవచ్చు. కళ్లు మూతపడుతున్నాయని తెలిసీ బండి పక్కకు తియ్యని క్షణంలో తెలివి ఉంది. రెండోది తెలియజేసే ధర్మం. హెచ్చరించగలిగినవాడు హెచ్చరించాలి, నిజమైతేనే హెచ్చరించాలి. సరిచూడకుండా పంపిన తప్పుడు వార్త లారీని ఒక అపాయం నుంచి తప్పించి మరో అపాయంలోకి మళ్లించగలదు. రోడ్డు మీద సత్యం పలకడమూ అహింసే.

ఉద్దేశం, ఏమరుపాటు

చంపాలన్న ఉద్దేశంతో లారీ ఎక్కేవాడు ఉండడు. మరి ఉద్దేశం లేని హత్యకు పాపం ఉందా? బౌద్ధం కర్మను చేతనతో, అంటే సంకల్పంతో గుర్తించింది. చూపు లేని చక్షుపాల భిక్షువు నడుస్తుంటే కాలి కింద పురుగులు చనిపోయిన కథ ధమ్మపద వ్యాఖ్యానంలో ఉంది. చంపాలన్న సంకల్పం లేదు కనుక అతడికి దోషం లేదని బుద్ధుడు తేల్చాడు. అదే బౌద్ధంలో అప్రమాదం, అంటే ఏమరుపాటు లేకపోవడం, మహా సద్గుణం కూడా.

జైనం ఈ రెండింటినీ కలిపి మరింత కచ్చితమైన సూత్రం చేసింది. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రం ప్రకారం ఏమరుపాటుతో కూడిన క్రియ వల్ల ప్రాణం తీయడమే హింస. అమృతచంద్రుడి పురుషార్థ సిద్ధ్యుపాయం దీన్ని విస్తరించింది: ఏమరుపాటుతో మెలిగినవాడు ఎదుటి ప్రాణి చచ్చినా బతికినా హింస చేసినట్టే, జాగ్రత్తతో మెలిగినవాడి వల్ల ప్రాణి చనిపోయినా అది అతడి హింస కాదు. జైన సాధువు పాటించే ఈర్యాసమితిలో, కాడి పొడవంత నేలను ముందుగా చూస్తూ అడుగు వెయ్యాలన్న నియమం ఉంది. ముందు వెళ్లే బండికి దూరం పాటించాలన్న ట్రాఫిక్ నియమంలో ఉన్న నీతి అదే.

పాశ్చాత్య తత్త్వంలో ఈ చిక్కును నైతిక అదృష్టం అన్న పేరుతో 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ చర్చకు పెట్టారు. ఇద్దరూ తీసుకున్న ఉదాహరణ లారీ డ్రైవరే. బ్రేకులు సరిచూసుకోని ఇద్దరు డ్రైవర్లలో ఒకడి బండికి పిల్లవాడు అడ్డం వచ్చాడు, రెండోవాడికి ఎవరూ రాలేదు. లోకం మొదటివాణ్ణి హంతకుడంటుంది, రెండోవాణ్ణి గుర్తే పట్టదు. తప్పు సమానమైనప్పుడు నింద ఎందుకు సమానం కాదన్నది నాగెల్ ప్రశ్న. జైన సూత్రం దీనికి సూటిగా జవాబిస్తుంది: హింసలో ఇద్దరూ సమానులే. క్షేమంగా ఇల్లు చేరినంత మాత్రాన నిన్నటి నిర్లక్ష్యం నిర్దోషం కాదు. భద్రతకు ఇంతకంటే బలమైన పునాది దొరకదు, ఎందుకంటే ఇది ప్రమాదం జరిగేదాకా ఆగదు.

విలియమ్స్ మరో సంగతి గమనించాడు. ఏ తప్పూ లేని డ్రైవరు కూడా, తన బండి కింద ఒకరు చనిపోతే, పక్కనుంచి చూసినవాడిలా ఉండలేడు. అతడి బాధ వేరు. ఆ బాధ పడనివాణ్ణి చూసి మనమే కలవరపడతాం. ధర్మశాస్త్రాలు తెలియక చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం చెప్పడంలో ఉన్న కరుణ ఇదే. శిక్షించవలసిన పని లేకపోయినా, ఆ మనసుకు భారం దించుకునే దారి కావాలి. ఇవాళ ప్రమాదం చూసిన డ్రైవరును మర్నాడే మరో లోడుకు పంపుతున్నారు. అతడితో కూర్చుని మాట్లాడే ఏర్పాటు ఎక్కడా కనిపించదు. యూనియన్లూ ఓనర్లూ ఈ లోటు తీర్చాలి.

ప్రమాదం తర్వాత: ఆగడమా, పారిపోవడమా

రామాయణం అయోధ్యాకాండలో దశరథుడు కౌసల్యకు తన పాత పాపం చెప్పుకుంటాడు. సరయూ తీరంలో చీకట్లో, చప్పుడును బట్టి బాణం వేస్తే, అది నీళ్లు ముంచుకుంటున్న మునికుమారుడికి తగిలింది. లోకం శ్రవణకుమారుడని పిలిచే ఆ యువకుడు కన్నుమూశాక దశరథుడు పారిపోలేదు. కుండతో నీళ్లు పట్టుకుని, గుడ్డివారైన తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి, చేసింది తానేనని చెప్పాడు. నువ్వే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల లక్ష ముక్కలయ్యేదని, తెలియక చేశావు కనుక బతికి ఉన్నావని ఆ తండ్రి అంటాడు. అయినా పుత్రశోకంతోనే నువ్వూ మరణిస్తావని శపిస్తాడు. ఒప్పుకోవడం తప్పును తుడిచెయ్యలేదు, కానీ మనిషిని మనిషిగా నిలబెట్టింది.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరు నుంచి కోరేది ఈ ధర్మాన్నే: ఆగి, గాయపడినవారికి వైద్యం అందేలా చూసి, పోలీసులకు తెలియజెయ్యాలి. అయితే జనం ఆగ్రహం వల్ల వీలుకాకపోతే మినహాయింపు అని అదే సెక్షన్‌లో ఉంది. చట్టమే ఆ మాట రాసుకోవలసి వచ్చిందంటే డ్రైవరు భయం కల్పితం కాదు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో భాగం, నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారణమై పోలీసులకు చెప్పకుండా పారిపోతే 10 ఏళ్ల వరకు జైలు అన్నప్పుడు, 2024 జనవరి మొదట్లో దేశమంతటా లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ఆగితే కొట్టి చంపుతారు, ఆగకపోతే జైల్లో పెడతారు అన్నది వారి ఆవేదన. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ భాగాన్ని పక్కన ఉంచారు.

బైబిలు పాత నిబంధన ఈ చిక్కుకు ఒక పరిష్కారం ఆలోచించింది. సంఖ్యాకాండంలో 6 ఆశ్రయ పురాల ఏర్పాటు ఉంది. పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు ప్రతీకారం తీర్చుకునేవారి చేతికి చిక్కకుండా అక్కడికి చేరవచ్చు. సమాజం ముందు విచారణ తప్పదు, గుంపు చేతిలో చావు మాత్రం ఉండదు. ఇవాళ డ్రైవరుకు కావలసినవి ఆ రెండే. దగ్గరి పోలీసు స్టేషనో టోల్‌ప్లాజానో చేరి సమాచారమిస్తే అది పారిపోవడం కాదన్న స్పష్టత ఉండాలి. గుంపుగా కొట్టడం న్యాయం కాదని ఊళ్లు ఒప్పుకోవాలి. చూసేవారి ధర్మమూ చిన్నది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవకు ఫోను చెయ్యడానికి ఎవరూ జంకనక్కర్లేదు. సాయపడినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించింది, 2019 సవరణ ద్వారా ఆ రక్షణ చట్టంలో 134ఏ సెక్షన్‌గా చేరింది.

విధి అన్న మాట ఎవరిది

అనుశాసన పర్వం మొదట్లోనే గౌతమి కథ ఉంది. ఆమె కొడుకును పాము కాటేస్తుంది. అర్జునకుడనే బోయ పామును పట్టి తెచ్చి చంపమంటావా అని అడుగుతాడు. పాము తప్పు తనది కాదు, మృత్యువుది అంటుంది. మృత్యువు వచ్చి, తనను నడిపింది కాలం అంటుంది. కాలం వచ్చి, పిల్లవాడి కర్మే కారణమని చెబుతుంది. గౌతమి ఆ మాట అంగీకరించి పామును విడిచిపెట్టమంటుంది. ఈ కథలో కర్మను ఒప్పుకుని శాంతి పొందింది పోగొట్టుకున్న తల్లి. కారణాన్ని ఒకరి మీదికి ఒకరు నెట్టుకున్నవి పాము, మృత్యువు. తల్లి నోట ఆ మాట క్షమ అయింది, పాము నోట సాకు అయింది.

రోడ్డు ప్రమాదంలో దైవం వాటా ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. జరిగిపోయినదాన్ని భరించవలసినవారికి విధి ఒక ఆసరా. దాన్ని వారి నుంచి లాక్కునే హక్కు ఎవరికీ లేదు. జరగబోయేదాన్ని ఆపగలిగినవారికి, అంటే డ్రైవరుకూ, ఓనరుకూ, సరుకు ఎక్కించేవారికీ, రోడ్డు వేసేవారికీ, చట్టం అమలు చేసేవారికీ, ఆ ఆసరా వర్తించదు. వారికి పురుషకారమే ధర్మం. బయల్దేరే ముందు టైర్లు, బ్రేకులు, లైట్లు చూసుకోవడం, తూకం దాటని లోడు ఎక్కించడం, నిద్రొస్తే ఆపడం, ముందున్న అపాయాన్ని తోటివారికి చెప్పడం, ప్రమాదం జరిగితే సాయం అందించడం ఆ ధర్మంలోని పనులు. ఇవన్నీ శ్రద్ధగా చేశాక కూడా జరగరానిది జరిగితే, అప్పుడు దాన్ని దైవమనడం న్యాయం.